రోర్షాక్ చదివిన అఖ్బార్

బొమ్మల కితాబ్ అంటే మన ఇళ్లల్లో ఇప్పటికీ బచ్చాల సామానే. కాలేజీకి వెళ్లే పిల్లాడి చేతిలో కామిక్ కనబడితే "ఇంకా ఇవేనా బేటా?" అని అమ్మీ అడుగుతుంది. నలభై దాటినవాడి చేతిలో కనబడితే ఎవరూ ఏమీ అడగరు గానీ చూపు మాత్రం అదే. నాకు ఆ చూపు అలవాటైపోయింది. నా అల్మారాలో ఇబ్నె సఫీ నవలలకీ చలం పుస్తకాలకీ మధ్య ‘వాచ్‌మెన్’ అనే లావుపాటి ఇంగ్లిష్ బొమ్మల నవల ఒకటి ఉంది. దాని గురించి రాయాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను. ఆ పుస్తకం గొప్పదని ఇప్పటికే దునియా అంతా చెప్పింది, నేను కొత్తగా చెప్పక్కర్లేదు. దాన్ని చదివిన మన నౌజవాన్లు అందులో ఎవర్ని హీరో చేసుకుంటున్నారన్నదే నా ఫికర్.

ఉర్దూ మీడియంలో చదువుకున్నవాళ్లకి నఖాబ్ వేసుకున్న మనిషి కొత్త కాదు. ఇమ్రాన్ సిరీస్‌లో సీక్రెట్ సర్వీస్ సర్దార్ ‘ఎక్స్-టూ’ ఎవరో అతని కింద పనిచేసేవాళ్లకే తెలియదు. వాళ్లు అహ్మఖ్ అనుకుని నవ్వుకునే ఇమ్రానే ఆ ఎక్స్-టూ. ఆ రాజ్ మనకి తెలుసు, వాళ్లకి తెలియదు. మజా అంతా అక్కడే. ఆ నఖాబ్ వెనక ఉన్నవాడు అసలు మంచివాడేనా అన్న షక్ మాత్రం చదువుతున్నంతసేపూ మనకి రాదు. వస్తే జాసూసీ నవల ముందుకు సాగదు. వాచ్‌మెన్ సరిగ్గా ఆ షక్ దగ్గర మొదలవుతుంది.

అమెరికాలోని డీసీ కామిక్స్ దీన్ని 1986, 1987 సంవత్సరాల్లో పన్నెండు సంచికలుగా వేసింది. రాసినవాడు అలన్ మూర్, బొమ్మలు వేసినవాడు డేవ్ గిబ్బన్స్, రంగులు జాన్ హిగ్గిన్స్. ముగ్గురూ ఇంగ్లండ్ వాళ్లే. 1988లో దీనికి హ్యూగో అవార్డ్ వచ్చింది. 1923 తరవాత ఇంగ్లిష్‌లో వచ్చిన వంద మంచి నవలల ఫెహ్రిస్త్ ఒకటి టైమ్ పత్రిక 2005లో వేస్తే, అందులో ఈ బొమ్మల పుస్తకం కూడా ఉంది.

కథ జరిగేది 1985లో. అయితే మనకి తెలిసిన 1985 కాదు. అణు ప్రయోగశాలలో జరిగిన హాద్సాలో ఒక సైంటిస్టు నీలం రంగు దేహంతో, ఖుదాయీ తాఖత్‌లాంటిది సంపాదించుకుని డాక్టర్ మన్‌హటన్‌గా మారతాడు. అమెరికా ప్రభుత్వం అతన్ని వియత్నాం పంపించి జంగ్ గెలుస్తుంది. నిక్సన్ ఇంకా కుర్సీ దిగలేదు. నఖాబ్‌లు వేసుకుని వీధుల్లో ఇన్సాఫ్ చేస్తామని తిరిగే మామూలు మనుషులు కొందరున్నారు. వాళ్ల జులుం భరించలేక పోలీసులే సమ్మె చేశారు, జనం గోడల మీద రాతలు రాశారు, 1977లో వాళ్లమీద ఖానూన్ వచ్చింది. ఆ పాత నఖాబ్‌పోష్‌లలో ఒకడిని ఎవరో పైఅంతస్తు కిటికీలోంచి కిందికి విసిరేశారు. ఎవరు, ఎందుకు? పుస్తకం అక్కడ మొదలవుతుంది.

‘పెద్దవాళ్ల కోసం’ అన్న చీటీ కామిక్స్ మీద ఎందుకు పడిందో తెలియాలంటే కొంచెం పాత కథ చెప్పాలి. 1954లో అమెరికా సెనేట్ ఉపసంఘం ఒకటి కామిక్స్ వల్ల పిల్లలు చెడిపోతున్నారని విచారణ జరిపింది. సర్కార్ మీద పడేలోగా పబ్లిషర్లే తమకి తాము ఒక కోడ్ రాసుకున్నారు. నేరం చేసినవాడు ప్రతి కథలోనూ ఓడిపోవాలి. పోలీసులు, జడ్జీలు, ప్రభుత్వ అధికారుల మీద జనానికి గౌరవం తగ్గేలా ఏదీ చూపించకూడదు. దుకాణంలో అమ్ముడుపోవాలంటే కవర్ మీద ఆ కోడ్ ముద్ర ఉండాలి. రక్తం, నగ్నత్వం మీద ఆంక్షల గురించే అందరూ మాట్లాడతారు గానీ, నాకు ఆ రెండో షర్త్ ఎక్కువ కనబడుతుంది. ఒక తరం మొత్తం, కొట్టేవాడు మనవాడైతే సవాల్ చేయకూడదన్న కథలు చదివి పెరిగింది. వాచ్‌మెన్ ఆ ముద్ర లేకుండా కామిక్స్ దుకాణాల్లో అమ్ముడైంది. పెద్ద వయసువాళ్లకి ఇందులో దొరికింది ఆ సవాల్ వేసుకునే ఇజాజత్ అనే నేననుకుంటాను. ఖూన్ చూపించే కితాబులు అంతకుముందూ ఉన్నాయి, ఆ తరవాత బండ్లకొద్దీ వచ్చాయి.

ఇప్పుడు రోర్షాక్ దగ్గరికి వస్తాను.

మా ఆపా కొడుకు ఇంజనీరింగ్ మూడో ఏడు. వాట్సాప్ డీపీ ఏడాదిగా ఒకటే: తెల్లటి గుడ్డ మీద నల్ల మరకలు, పైన టోపీ. అదే రోర్షాక్ చెహ్రా. సిరా మరకలు చూపించి మనసు కనిపెట్టే పరీక్ష తయారుచేసిన స్విస్ డాక్టర్ పేరే అతను పెట్టుకున్నాడు. ఆ నఖాబ్‌లో నలుపు తెలుపు ద్రవాలు కదులుతూ ఉంటాయి, ఒకదాంట్లో ఒకటి ఎప్పటికీ కలవవు. అతని దిమాగ్ కూడా అంతే. మంచి, చెడు, మధ్యలో ఏమీ లేదు. మూర్ ఈ మనిషిని గాల్లోంచి తీయలేదు. స్పైడర్‌మన్ సృష్టికర్తల్లో ఒకడైన స్టీవ్ డిట్కో అంతకుముందే ఇలాంటి నఖాబ్‌పోష్‌లను గీశాడు. ఐన్ రాండ్ ఫల్సఫా మీద డిట్కోకి గట్టి యకీన్, ఆయన హీరోలకీ బూడిద రంగు పడదు. మూర్ అదే రకం మనిషిని తీసుకుని, నిజంగా అలాంటివాడుంటే ఎలా బతుకుతాడో చూపించాడు. స్నానం చేయడు, డబ్బాలోంచి చల్లటి బీన్స్ తింటాడు, స్నేహితుడనేవాడు ఒక్కడు మిగిలితే వాడి తలుపూ విరగ్గొట్టుకునే లోపలికొస్తాడు.

"మామూ, అందులో కాంప్రమైజ్ కానివాడు అతనొక్కడే" అన్నాడు మా వాడు.

వాడి మాట తేలిగ్గా తీసేసేది కాదు. పుస్తకంలో రోర్షాక్ ఎందుకలా అయ్యాడో చెప్పే ఆరో అధ్యాయం ఉంది. ఆరేళ్ల పాపను ఎత్తుకెళ్లి చంపినవాడిని అతను పట్టుకుంటాడు. పోలీసులకి అప్పగించడు. బేడీలేసి, ఇంటికి నిప్పు పెట్టి, బయట నిలబడి చూస్తాడు. ఆ పేజీలు చదువుతున్నప్పుడు దిల్ అతని వైపే ఉంటుంది. నాదీ అంతే. మూర్ కావాలనే అలా రాశాడు. కానీ అదే రోర్షాక్ మొదటి అధ్యాయంలో ఒక బార్‌లోకి వెళ్లి ఖబర్ కోసం ఒకడి వేళ్లు విరిచేస్తాడు. ఆ మనిషికి ఏమీ తెలియదు. అక్కడున్న ఎవరికీ ఏమీ తెలియదు. ఈ చక్కర్ ఫజూల్ అయిందని డైరీలో రాసుకుని ఇంకో చోటికి వెళ్లిపోతాడు. వేళ్లు విరిగినవాడి కథ పుస్తకంలో ఇక లేదు. ఆ బొమ్మ దగ్గర నేను ఆగాను. 2007లో మక్కా మస్జిద్ పేలుడు తరవాత ఎత్తుకెళ్లిన మన పిల్లల్లో ఎందరు కోర్టుల్లో బేకసూర్‌గా బయటికొచ్చారో ఈ బ్లాగ్ చదివేవాళ్లకి వేరే చెప్పాలా? ఏమీ తెలియనివాడి వేళ్లు కూడా వేళ్లే.

రోర్షాక్‌కి ఆ నఖాబ్ ఎలా దొరికిందో అదే అధ్యాయంలో ఉంది. నా పేషా వల్లనేమో, పుస్తకం మొత్తంలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆ ఒక్క పేజీ.

అప్పటికి అతను వాల్టర్ కోవాక్స్ అనే దర్జీ పనివాడు. ఒక అమ్మాయి ప్రత్యేకంగా కుట్టించుకున్న డ్రెస్, నలుపు తెలుపు కదిలే గుడ్డది, నచ్చలేదని వదిలేసి పోతుంది. రెండేళ్ల తరవాత, 1964 మార్చిలో, పనికెళ్తూ అఖ్బార్ కొంటాడు. మొదటి పేజీలో ఆ అమ్మాయే. కిట్టీ జెనోవీస్. సొంత ఇంటి ముందు హత్య అయింది. దాదాపు నలభై మంది పొరుగువాళ్లు ఆమె కేకలు విన్నారట, ఒక్కడూ కదల్లేదట, కొందరు కిటికీల్లోంచి చూస్తూ ఉన్నారట. మనుషులంటే ఇంతేనా అనుకుని, సిగ్గుపడి, ఆ డ్రెస్ ముక్క కత్తిరించి, అద్దంలో చూసుకోగలిగే ఇంకో ముఖం కుట్టుకుంటాడు.

కిట్టీ జెనోవీస్ కల్పన కాదు. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో 1964 మార్చి 13 తెల్లవారుజామున నిజంగానే హత్యకు గురైన ఇరవై ఎనిమిదేళ్ల యువతి. రెండు వారాల తరవాత న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ఒక వార్త వేసింది: ముప్ఫై ఎనిమిది మంది అరగంటపైగా చూస్తూ ఊరుకున్నారని. హెడ్డింగ్‌లో ముప్ఫై ఏడు, లోపల ముప్ఫై ఎనిమిది. లెక్కే కుదరలేదు. ఆ సంఖ్య ఒక ఎడిటర్‌కి పోలీస్ కమిషనర్‌తో భోజనం దగ్గర దొరికింది. ఆ వార్త దునియా అంతా తిరిగింది. నగరాల్లో ఇన్సానియత్ చచ్చిపోయిందనడానికి అదొక సబూత్ అయింది. సైకాలజీ పుస్తకాల్లో పాఠమైంది.

ఆ వార్తలో చాలా భాగం తప్పు. దాడి రెండుసార్లు జరిగింది, రెండోది బిల్డింగ్ వెనక వైపు మెట్ల దగ్గర. అది కనబడే చోటు చాలామందికి లేదు. మొదటిసారి ఒకాయన కిటికీ తెరిచి గట్టిగా అరిస్తే హంతకుడు పారిపోయాడు. పోలీసులకి ఫోన్ చేశామని చెప్పినవాళ్లున్నారు. పొరుగింటి స్త్రీ ఒకామె, కింద ఎవరున్నారో తెలియకుండానే పరిగెత్తుకెళ్లి, చివరి ఘడియల్లో కిట్టీని ఒళ్లోకి తీసుకుంది. చూసి కూడా కదలనివాళ్లు లేరని కాదు, ఒకరిద్దరున్నారు. ముప్ఫై ఎనిమిది మంది లేరు. చాలా ఏళ్లకి ఆ పత్రికే తన పాత వార్తలో లోపాలున్నాయని రాసుకుంది.

అంటే రోర్షాక్ తన జిందగీ మొత్తం కట్టుకున్నది ఒక తప్పు ఖబర్ మీద. నేను ఇరవై ఏళ్లుగా వార్తలు దిద్దే పని చేస్తున్నాను. ఒక సంఖ్య, అదీ పోలీసు నోటి నుంచి వచ్చిన సంఖ్య, ఎంత తొందరగా హఖీఖత్ అయిపోతుందో నాకు తెలుసు. అది చదివి ఒకడు భయపడతాడు, ఒకడు తాళం కొంటాడు, ఒకడు నఖాబ్ కుట్టుకుంటాడు.

మూర్ ఈ పుస్తకం రాసేనాటికి కిట్టీ కథ అందరూ నమ్మేదే. కానీ అతను ఆ కథని అక్కడితో వదల్లేదు. వాచ్‌మెన్ నిండా, హీరోల బొమ్మల మధ్య మధ్యలో, న్యూయార్క్‌లో ఒక వీధి మూల పదే పదే వస్తుంది. అక్కడ బెర్నార్డ్ అనే ముసలాయన పేపర్ల బడ్డీ. పక్కన నేల మీద కూర్చుని, కొనకుండానే సముద్రపు దొంగల కామిక్ చదివే నల్లజాతి కుర్రాడు. నిజంగా నఖాబ్‌పోష్‌లు తిరిగే ఆ దునియాలో పిల్లలకి సూపర్‌హీరో కథలు పట్టవు, దొంగల కథలే కావాలి. ఒక టాక్సీ నడిపే అమ్మాయి వస్తుంది. ఇద్దరు డిటెక్టివ్‌లు వస్తారు. ‘ప్రపంచం అంతమవుతోంది’ అన్న బోర్డు పట్టుకుని తిరిగే ఒక మాసిన మనిషి రోజూ వచ్చి ఒక చెత్త పేపర్ కొంటాడు. నఖాబ్ లేని రోర్షాక్ అతనేనని మనకి తరవాత తెలుస్తుంది. మొదటిసారి చదివేవాళ్లు ఈ మూల వచ్చినప్పుడల్లా పేజీ గబగబా తిప్పేస్తారు. హీరోలు ఎక్కడున్నారా అని చూస్తారు.

పదకొండో అధ్యాయంలో ఆ మూల మీద టాక్సీ అమ్మాయి తన స్నేహితురాలిని కింద పడేసి కొడుతుంది. ఆడమనిషి కేక. రోర్షాక్ చదివిన అఖ్బార్ ప్రకారం ఇప్పుడు అందరూ కిటికీలు మూసుకోవాలి. కానీ బడ్డీ ముసలాయన కదులుతాడు. డిటెక్టివ్‌లు కారు ఆపుతారు. జైల్లో రోర్షాక్‌కి వైద్యం చేయబోయి, అతని అంధేరా తనకే అంటించుకుని, సంసారం పాడుచేసుకున్న సైకియాట్రిస్ట్ ఒకాయన ఉన్నాడు, లాంగ్ అని. భార్య ఆ పూటే రాజీకి వచ్చింది. ‘వాళ్ల గొడవ మనకెందుకు, వెళ్తే నన్ను మరిచిపో’ అంటుంది. ఆయన వెళ్తాడు. వెళ్లకుండా ఉండలేనంటాడు. వీళ్లలో ఎవరికీ నఖాబ్ లేదు. ఎవరి మీదా చెయ్యి ఎత్తడానికి పోవడం లేదు, విడదీయడానికి పోతున్నారు. ముసలాయనకీ కుర్రాడికీ అంతకు కాసేపటి ముందే ఒక సంగతి తెలిసింది. ఇద్దరి పేరూ బెర్నార్డే.

సరిగ్గా అప్పుడు తెల్లటి వెలుగు కమ్ముకుంటుంది. ముసలాయన కుర్రాణ్ని కావలించుకుంటాడు. ఇద్దరి నీడలూ ఒకటైపోయి మాయమవుతాయి.

చేసింది ఎవరంటే, దునియాలోకెల్లా తెలివైనవాడిగా పేరున్న పాత నఖాబ్‌పోష్ ఏడ్రియన్ వైట్. ఇతను తనకు పెట్టుకున్న పేరు ఓజిమాండియస్. రెండో రామ్సెస్‌కి గ్రీకులు పెట్టిన పేరది. చాలామంది ఫిరౌన్ అతనే అంటారు. ఇతని ఉస్తాద్ సికందర్. అమెరికా, సోవియట్‌లు అణుయుద్ధంతో చావకుండా ఉండాలంటే ఇద్దరికీ ఒక నకిలీ దుష్మన్ కావాలని లెక్కేసి, వేరే లోకం నుంచి వచ్చిందనిపించే జంతువును తయారుచేసి న్యూయార్క్ మీద పడేసి సగం ఊరిని చంపేస్తాడు. మిగతా హీరోలు ఆపుదామని వచ్చేసరికి ఆ పని అయిపోయి ముప్ఫై ఐదు నిమిషాలైంది. పన్నెండో అధ్యాయం మొదటి ఆరు పేజీలూ పేజీకొక బొమ్మ. అంతవరకూ పేజీకి తొమ్మిది గళ్ల చొప్పున గడియారంలా నడిచిన పుస్తకం ఒక్కసారి ఆగిపోతుంది. అన్నీ లాషులు. ఆ వీధి మూల మనుషులంతా అందులో ఉంటారు. పేజీలు గబగబా తిప్పేసినవాళ్లకి వాళ్లెవరో తెలియదు. ఆగి చదివినవాళ్లకి తెలుస్తుంది, కళ్లు తడుస్తాయి.

ఈ పుస్తకం వయసొచ్చినవాళ్లని ఎందుకు పట్టుకుంటుందని ఎవరైనా అడిగితే నేను ఆ మూలనే చూపిస్తాను. ఇరవై ఏళ్లప్పుడు నఖాబ్ కనబడుతుంది. ఇల్లు, అద్దె, అమ్మీ బీపీ మందులు, పొరుగువాళ్లతో గొడవలు, మళ్లీ పండగకి షీర్ ఖుర్మా గిన్నెలు ఇచ్చిపుచ్చుకోవడాలు, ఇవన్నీ దాటొచ్చాక పేపర్ బడ్డీ కనబడుతుంది.

మా వాడు ఇక్కడ ఇంకో దలీల్ తెచ్చాడు. సగం ఊరు చచ్చాక మిగతా హీరోలంతా అమన్ కోసం నోరు మూసుకుంటారు, ఒక్క రోర్షాక్ మూసుకోడు. నిజం చెప్తానని మంచులో నడుస్తూ పోతాడు. డాక్టర్ మన్‌హటన్ అతన్ని చంపేస్తాడు. "ఆ చోట అతను గొప్పవాడా కాదా చెప్పు మామూ" అన్నాడు. గొప్పవాడే. ఆ పేజీలో అతను నఖాబ్ తీసేసి, ఏడుస్తూ, తనని చంపమని అడుగుతాడు. పుస్తకంలో అతను పూరా ఇన్సాన్‌గా కనబడేది అక్కడే. లక్షలమంది ఖూన్‌ని దాచిపెట్టే అమన్ అమన్ కాదన్న మాట దగ్గర నేను అతని వైపే. అయితే అతను ఆ నిజాన్ని ఎవరి చేతిలో పెట్టాడో కూడా చూడాలి కదా. బయల్దేరే ముందు తన డైరీని తాను రోజూ కొనే ‘న్యూ ఫ్రంటియర్స్‌మన్’ అనే పేపర్‌కి పోస్ట్ చేశాడు. ఎనిమిదో అధ్యాయం చివర ఆ పేపర్ ముక్క ఒకటి అచ్చులో ఉంటుంది. నఖాబ్‌పోష్‌లను సమర్థిస్తూ, నల్లవాళ్లని చంపి చెట్లకి వేలాడదీసిన కు క్లక్స్ క్లాన్‌ని కూడా మెచ్చుకునే రాతలు. నఫ్రత్ పేపర్. పుస్తకం ఆఖరి బొమ్మలో ఆ ఆఫీసులో పిచ్చి ఉత్తరాల కుప్ప మీద డైరీ ఉంటుంది. ఒక కుర్రాడి చెయ్యి అటు వెళ్తూ ఉంటుంది. అంతే. దునియాలో ఒక పెద్ద సచ్చాయి బయటికి రావాలంటే ఆ గట్టర్‌లోంచే రావాలి, వస్తే ఎవరు నమ్ముతారు, నమ్మితే ఏమవుతుంది? నలుపు తెలుపు మనిషికి బూడిద రంగు అఖ్బార్లు నచ్చవు, అందుకే అతను ఎప్పుడూ వాటిని కొనలేదు.

తన కథ కూడా రోర్షాక్ కథేనని చెప్పుకుంటూ వచ్చే అభిమానుల్ని చూస్తే దూరంగా జరిగిపోవాలనిపిస్తుందని మూర్ చెప్పుకున్నాడు. హెచ్చరికగా గీసిన మనిషిని పోస్టర్‌గా మార్చేశారు. 2019లో హెచ్‌బీవో ఈ కథకి కొనసాగింపుగా తీసిన సీరియల్‌లో తెల్లజాతి దురహంకారుల ముఠా వేసుకునేది రోర్షాక్ నఖాబే. ఆ సీరియల్ తీసినవాళ్లు పుస్తకాన్ని సరిగ్గా చదివారు.

మనకి అమెరికా ఎందుకు అనొచ్చు. మన సినిమాల్లో ‘ఠాగూర్’ 2003లో లంచగొండుల్ని లెక్కపెట్టి చంపాడు, ‘అపరిచితుడు’ 2005లో గరుడ పురాణం తీసి చంపాడు. మన మొహల్లాల్లోనూ సీటీలు కొట్టారు. సినిమా సినిమాయే, పోనీ. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక వెటర్నరీ డాక్టర్‌పై జరిగిన దారుణమైన అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురు పోలీసుల కస్టడీలో ఉండగా కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ డాక్టర్‌కి జరిగింది తలచుకుంటే ఎవరి ఖూన్ ఉడకదు? ఆరో అధ్యాయంలో దిల్ రోర్షాక్ వైపు పోయినట్టే పోతుంది. సుప్రీం కోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదికలో, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని చెప్పి, పదిమంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలంది. అప్పటికి పూలు ఎండిపోయాయి, వార్త లోపలి పేజీకి పోయింది.

అంతకు నాలుగేళ్ల ముందు, 2015 ఏప్రిల్ 7న, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకి తెస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర వ్యాన్‌లోనే కాల్పుల్లో చనిపోయారు. ఐదుగురూ మన ఖౌమ్ వాళ్లు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు అన్నారు. చేతులకి బేడీలతో సీట్లలో ఒరిగి ఉన్న ఫోటోలు అందరం చూశాం. అప్పుడు మన ఇళ్లల్లో ఖానూన్ ఎక్కడ, అదాలత్ ఎక్కడ అని అడిగాం. సరైన సవాలే. 2019లో మనలో ఎందరం అదే సవాల్ అడిగామో ఎవరి దిల్‌కి వాళ్లకి తెలుసు. పేపర్ ఆఫీసుల్లో ఇలాంటి వార్తకి ఒక సాంచా ఉంటుంది: ‘ఆత్మరక్షణ కోసం కాల్పులు జరపగా’. ఊరు, తేదీ, సంఖ్య మారుస్తారు, వాక్యం మారదు. ఆ వాక్యం చదివి ఎవరెవరు ఏ నఖాబ్ కుట్టుకుంటున్నారో ఎడిటర్లకి తెలియదు.

అమెరికన్ కామిక్స్‌వాళ్లు వాచ్‌మెన్ నుంచి నేర్చుకున్నది పళ్లు కొరకడం, ఎముకలు విరవడం, వానలో నిలబడి గొణగడం. అది తన పుస్తకం వల్లే జరిగిందని మూర్ కూడా తరవాత బాధపడ్డాడు. అదే 1986లో ఫ్రాంక్ మిల్లర్ ‘ద డార్క్ నైట్ రిటర్న్స్’ తెచ్చాడు. యాభై దాటిన బ్యాట్‌మన్ పదేళ్ల రిటైర్మెంట్ తరవాత మళ్లీ రోడ్డెక్కుతాడు. చూడ్డానికి జబర్‌దస్త్ పుస్తకం. టీవీ చర్చల్లో అరిచే ముఖాలతో పేజీలు నింపడం అతను అప్పుడే చేశాడు, ఇవాళ మన న్యూస్ ఛానల్స్ చూస్తుంటే అదే గుర్తొస్తుంది. అందులో బ్యాట్‌మన్ మీద సవాల్ ఉంది, కానీ మిల్లర్ దిల్ మాత్రం పిడికిలి వైపే ఉందని నా గుమాన్. ఆ గుమాన్ 2011లో రుజువైంది. బ్యాట్‌మన్‌ని అల్ ఖైదా మీదికి పంపిస్తానని ప్రకటించి, ప్రాపగాండా అని తనే పేరు పెట్టుకుని, చివరికి బ్యాట్‌మన్ పేరు తీసేసి ‘హోలీ టెర్రర్’ అని వేశాడు. అందులో ముసల్మాన్ అంటే బాంబు, అంతకుమించి ఏమీ లేదు. టార్చర్ చేసేవాడే హీరో, ఎవడి ఎముక విరిచినా వాడు ముజ్రిమే అని పుస్తకం ముందే హామీ ఇచ్చేస్తుంది. తెల్లవాళ్లే ఎక్కువగా దాన్ని దుమ్మెత్తిపోశారు. అలాంటి పుస్తకం మళ్లీ రాయగల స్థితిలో తాను లేనని మిల్లర్ తరవాత అన్నాడు. దానిమీదా ‘పెద్దవాళ్లకి’ అన్న చీటీ పెట్టొచ్చు. రక్తం ఉంది, బూతు ఉంది. అయినా 1954 కోడ్ కంటే అది చిన్నపిల్లల పుస్తకం. బార్‌లో ఏమీ తెలియనివాడు అందులో ఒక్కడూ ఉండడు.

చిన్న పిల్లలకి ఈ రెండూ ఇవ్వకండి. వాళ్లకి 2014లో వచ్చిన ‘మిజ్ మార్వెల్’ ఉంది. జెర్సీ సిటీలో పాకిస్తానీ కుటుంబం, కమలా ఖాన్ అనే పదహారేళ్ల అమ్మాయి, సమోసాలు, అమ్మీ చీవాట్లు, అన్నీ ఉంటాయి. వాచ్‌మెన్ మాత్రం పద్దెనిమిది దాటాకే. రెండో అధ్యాయంలో బలాత్కార ప్రయత్నం ఉంది, డాక్టర్ మన్‌హటన్ చాలాచోట్ల బట్టల్లేకుండానే తిరుగుతాడు, ఆరో అధ్యాయం పెద్దవాళ్లకే భారం. దాచిపెడితే పిల్లలు ఫోన్‌లో చూస్తారు, 2009లో వచ్చిన సినిమా ఫైట్లు మాత్రమే చూస్తారు, ఆ సినిమాలో ఎముకలు విరిగే చప్పుడే బాగా వినబడుతుంది. పుస్తకమే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు అధ్యాయాల చివర వచ్చే చిన్నక్షరాల పేజీలు వదలొద్దని చెప్పండి, కుర్రాళ్లు అవే ముందు వదిలేస్తారు. అబ్బా, అమ్మీ కూడా చదివితే ఇంకా మంచిది. ఇంగ్లిష్ తేలికే, బొమ్మలు దారి చూపిస్తాయి. పదకొండో అధ్యాయం మాత్రం రాత్రి ఇషా తరవాత మొదలుపెట్టకండి. మధ్యలో ఆపలేరు, ఆ తరవాత వచ్చే ఆరు పేజీలు చూశాక నిద్ర ఎలాగూ రాదు, ఫజర్‌కి లేవలేకపోతే నన్ను తిట్టుకుంటారు.